మన చరిత్ర, సాహిత్యం, జానపదం: పరిశోధనకు, బోధనకు సాయపడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పీహెచ్‌డీ విద్యార్థులు, రిటైరయ్యాక ఊరి చరిత్ర రాస్తున్న మాస్టార్లు, అటక మీద తాళపత్రాలు దొరికి ఏం చేయాలో తోచనివాళ్ళు, అమెరికాలో ఉండి ఊరికి ఏదైనా చేయాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు ఇవి. జవాబుల్లో సమాచారంతో పాటు మా అభిప్రాయాలు కూడా ఉన్నాయి. ఫెలోషిప్ మొత్తాలు, నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు తాజా ప్రకటన ఒకసారి చూసుకోండి.

మానవీయ శాస్త్రాలంటే ఏవేవి వస్తాయి?

చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, శాసనాలు, పురావస్తువులు, జానపద విజ్ఞానం, కళల చరిత్ర. సమాజశాస్త్రం, మానవశాస్త్రం పక్కనే ఉంటాయి. పనిలో వీటి మధ్య గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు గానీ, గ్రాంటు అడిగేటప్పుడు మాత్రం తెలియాలి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండళ్ళు వేరువేరుగా ఉన్నాయి: చరిత్రకు ఐసీహెచ్‌ఆర్, సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్, తత్వశాస్త్రానికి ఐసీపీఆర్. తప్పు తలుపు తడితే ఆర్నెల్లు వృథా.

ఆస్పత్రికి ఇస్తే ప్రాణాలు నిలుస్తాయి. పాత రాళ్ళకి, పాత పుస్తకాలకి ఎందుకివ్వాలి?

ఆస్పత్రికి ఇవ్వండి, ఎవరూ వద్దనరు. ఒక్క సంగతి మాత్రం చూడండి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. దానికోసం సభలు జరిగాయి, తీర్మానాలు చేశారు, ఢిల్లీకి తిరిగారు. ఎంత తిరిగినా చేతిలో ఆధారం లేకపోతే పని జరిగేది కాదు. కడప జిల్లా కలమళ్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో విరిగిన స్తంభం మీద క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట బండ మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలున్నాయి. ఎవరో ఎండలో నిలబడి ఆ అక్షరాలకు నకలు తీసి, చదివి, అచ్చువేసి పెట్టారు. వాళ్ళు ఆ పని చేసిననాటికి ప్రాచీన హోదా అన్న మాటే లేదు. ఈ రంగంలో సాయం అంటే ఇలాగే ఉంటుంది. ఇవాళ డబ్బు పెడితే ఫలితం మన పిల్లల కాలంలో కనిపించొచ్చు. ఆ ఓపిక లేనివాళ్ళు నిజంగానే ఆస్పత్రికి ఇవ్వడం మంచిది.

తెలుగులోనో, చరిత్రలోనో పీహెచ్‌డీ చేస్తున్నాను. డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

మొదటి దారి యూజీసీ నెట్ పరీక్ష. ఏటా జూన్, డిసెంబర్ విడతలుంటాయి. తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రం, జానపద సాహిత్యం అన్నిటికీ పేపర్లున్నాయి. దాని ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కావాలంటే వయసు 30 దాటకూడదు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు 5 ఏళ్ళ సడలింపు ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ. 37,000, రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కింద రూ. 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. కంటింజెన్సీ (పరిశోధనకయ్యే విడి ఖర్చులు) కింద మన సబ్జెక్టులకు మొదటి రెండేళ్ళు ఏడాదికి రూ. 10,000, తర్వాత రూ. 20,500.

ఈ పదివేల గురించి ఒక మాట. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్ళి నాలుగు రోజులు పాత పత్రికలు తిరగేసి, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఓ వారం కూర్చున్నారంటే బస్సు, లాడ్జి, ఫొటోకాపీలకే అది హారతి కర్పూరం. అందుకే చరిత్ర విద్యార్థులు ఐసీహెచ్‌ఆర్ ఇచ్చే ప్రయాణ గ్రాంటుకు విడిగా అప్లై చేయాలి. బిల్లులన్నీ ఒక కవరులో వేసి ఉంచండి. ఏ ఫెలోషిప్ అయినా ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుందని మాత్రం లెక్కలు వేసుకోవద్దు. మూణ్ణెల్ల ఖర్చు చేతిలో ఉంటే టెన్షన్ తగ్గుతుంది.

నేను ఏ యూనివర్సిటీలోనూ లేను. నాకెవరైనా ఇస్తారా?

ఇస్తారు, ఈ సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్, సీనియర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. 25 నుంచి 40 ఏళ్ళ వారికి నెలకు రూ. 10,000, 40 దాటినవారికి రూ. 20,000, రెండేళ్ళపాటు. ప్రదర్శన కళలు, సాహిత్యంతో పాటు శాసనాలు, నాణేలు, మ్యూజియాల వంటి విషయాలకూ వర్తిస్తుంది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కళల మీద పరిశోధనకు గ్రాంట్లిస్తుంది, అప్లికేషన్ తెలుగులో రాసినా తీసుకుంటుంది. ఎవరి దగ్గరైనా పాడైపోతున్న పాత పత్రాల సేకరణ ఉంటే, దాన్ని డిజిటైజ్ చేయడానికి బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ఒక పథకం నడుపుతోంది. అసలు పత్రాలు దేశం దాటవు, స్కాన్లే వెళ్తాయి.

అప్లికేషన్లో ఎక్కువమంది తప్పే ఒకే చోటు: "తెలుగు సంస్కృతిని కాపాడటం" అని రాస్తారు. ఏ మూడు ఊళ్ళు, ఏ కథ, ఎవరు పాడతారు, ఎన్ని గంటలు రికార్డు చేస్తారు అన్నది రాయండి.

మా ఊరి చరిత్ర రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

స్థల పురాణంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం మామూలుగా జరిగేది. పురాణం కూడా ఉండాల్సిందే గానీ దాని పక్కన కాగితాలు కావాలి.

ఆంధ్ర జిల్లాలవాళ్ళు ముందు కైఫియత్తులు చూడాలి. 1800 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ తరఫున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి కరణాలనూ పెద్దలనూ అడిగి రాయించిన వివరాలవి. చెరువు ఎవరు తవ్వించారు, ఊరు ఎప్పుడు పాడుపడింది, ఏ పాలెగాడు ఎవరికి కప్పం కట్టాడు అన్నీ ఉంటాయి. కడప జిల్లావి అక్కడి సి.పి. బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. చెప్పినవాళ్ళు తమకు అనుకూలంగా చెప్పుకున్నవి కూడా అందులో ఉన్నాయన్నది మరిచిపోవద్దు.

తర్వాత ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో మొదలైన ఇనాం కమిషన్ తయారు చేసిన దస్తావేజు ఇది. భూమి తగాదాల్లో వకీళ్ళు మాత్రమే తిరగేస్తారు, చరిత్ర రాసేవాళ్ళు దాని జోలికి పోరు. నిజానికి ఇది బంగారు గని. గుడి పూజారి, భజంత్రీలు, మంగలి, చాకలి, కుమ్మరి, నీరుకట్టు, ఎవరికి ఎంత భూమి ఏ పనికోసం ఇచ్చారో వరసగా ఉంటుంది. నూట అరవై ఏళ్ళ కిందట మీ ఊరు ఎవరి చేతుల మీద నడిచిందో రాజుల వంశవృక్షం కన్నా ఈ రిజిస్టర్ బాగా చెబుతుంది.

తెలంగాణలో దారి వేరు. పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి. సేత్వార్ (తొలి భూ సర్వే రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు) అందరూ వినేవే. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు ఫర్మానాలు, ఫైళ్ళు ఉన్నాయి. ఉర్దూ చదివే పెద్దాయన ఒకరిని వెంట పెట్టుకోండి, ఆయన శ్రమకు డబ్బివ్వండి. స్నేహంలో ఎన్ని రోజులని అడుగుతారు?

రెండు రాష్ట్రాలవాళ్ళకూ పనికొచ్చేది 1961 జనాభా లెక్కల సమయంలో జిల్లాలవారీగా వేసిన జాతరలు, పండుగల సంపుటాలు. ఏ ఊళ్ళో ఏ తిథికి ఏ అమ్మవారి కొలువు, ఎంతమంది వస్తారు అని ఊరి పేరుతో సహా ఉంటుంది.

మా ఊరి గుడి దగ్గర రాయి మీద పాత అక్షరాలున్నాయి. ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెప్పాలి. ఎనామిల్ పెయింటు వేయొద్దు. సున్నం కొట్టొద్దు. అక్షరాలు స్పష్టంగా కనిపించాలని మేకుతో గీయొద్దు. జీర్ణోద్ధరణ పేరుతో ఇసుక పిచికారీ యంత్రం పెట్టనివ్వొద్దు, వెయ్యేళ్ళు నిలిచిన అక్షరం ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. భక్తితో చేసినా నష్టం నష్టమే.

ఫొటో తీయడానికి సాయంత్రం వేళ మంచిది. ఎదురుగా ఫ్లాష్ కొడితే రాయి తెల్లగా పడి అక్షరం మాయమవుతుంది. ఒకరు టార్చి పట్టుకుని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి వెలుగు వేస్తే గీతల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. వెలుగు ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి, పైనుంచి ఒకటి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. రాయి ఉన్న చోటు, దిక్కు రాసుకోండి.

పక్కా నకలు తీసే పద్ధతి వేరే, అది నేర్చినవాళ్ళే చేయాలి. రాతిని నీళ్ళతో, బ్రష్‌తో శుభ్రం చేస్తారు. తడిపిన కాగితం పరిచి, గట్టి కుచ్చుల బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. అది సగం ఆరిన సమయం చూసి, సిరా అద్దిన గుడ్డ ఉండతో మెల్లగా తట్టుతారు. రాతి పైభాగం నల్లబడి, గుంటలో ఉన్న అక్షరం తెల్లగా మిగులుతుంది. తడి ఎక్కువైతే సిరా పాకుతుంది, తక్కువైతే కాగితం లేచిపోతుంది. పురావస్తు శాఖలో ఈ పని చేసేవారు అక్షరం చదవకముందే దాని లోతు చేత్తో చెప్పగలరు. ఈ నైపుణ్యం పుస్తకం చూసి రాదు. కాబట్టి ఒక వర్క్‌షాపుకు స్పాన్సర్ చేస్తామని ఎవరైనా అడిగితే మేం మొదట చెప్పే పేరు ఇదే.

సమాచారం ఇవ్వాల్సింది మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి, లేదా రాష్ట్ర పురావస్తు, వారసత్వ శాఖలకు. తెలంగాణలో కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటి ఔత్సాహికులు కూడా చదివి పెడతారు. తవ్వకంలో నాణేల కుండ దొరికితే మాత్రం వేరే చట్టం ఉంది. 1878 నాటి ఆ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా కలెక్టర్‌కు చెప్పాల్సిందే. ఆ పది రూపాయల్ని ఇప్పటిదాకా ఎవరూ సవరించలేదు!

అటక మీద తాళపత్రాలు దొరికాయి. ఎవరికివ్వాలి?

ఎవరికైనా ఇచ్చేముందు ఆకుల వరస చెడగొట్టకండి. దారం చివికి ఉంటే లాగొద్దు. ఎండబెట్టడం, సెల్లోటేపు, లామినేషన్ మూడూ నిషిద్ధం. ఎడమ అంచున తెలుగు అంకెల్లో పత్రసంఖ్య ఉంటుంది. ఒక్కో ఆకు రెండు వైపులా వరసగా ఫొటో తీసి పెట్టుకోండి. అక్షరాలు కనిపించకపోతే కంగారు పడొద్దు. గంటంతో గీసిన గీతలో మసి రాలిపోయి ఉంటుంది. నిపుణులు మసి పూసి తుడిస్తే మళ్ళీ తేలుతాయి. నిమ్మగడ్డి నూనె రాసేది కూడా వాళ్ళే.

"అవి మంత్రాలు, తాకితే అరిష్టం" అని ఇంట్లో ఎవరో అంటారు. విప్పి చూస్తే వైద్యం, జ్యోతిషం, భారతంలో ఒక పర్వం, ముత్తాతగారి అప్పు లెక్కలు ఏవైనా కావచ్చు. మా లెక్కలో అప్పు లెక్కలూ విలువైనవే.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ ఇలాంటివి భద్రపరుస్తాయి. 2025 కేంద్ర బడ్జెట్లో ప్రకటించిన జ్ఞాన భారతం పథకం కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి నమోదు చేయాలని పెట్టుకుంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే స్కాన్ చేయించుకుని మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అమ్మాలనుకుంటే జాగ్రత్త: 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతి 1972 చట్టం కింద పురావస్తువు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, వ్యక్తులు విదేశాలకు పంపకూడదు.

కథలు చెప్పే కళాకారులను రికార్డు చేయాలనుకుంటున్నాం. వాళ్ళకు డబ్బివ్వాలా?

ఇవ్వాలి. కెమెరామన్‌కిచ్చి, కథ చెప్పినవాళ్ళకు టీ ఇచ్చి పంపడం అన్యాయం. పటం కథలు చెప్పే కాకిపడగల, డక్కలి వారికీ, చిందు భాగోతం ఆడేవారికీ కథే జీవనాధారం. తమను పోషించే దాతృ కులంవాళ్ళు పిలిచి చెప్పించుకుంటే వచ్చే రాబడి అది. మొత్తం కథ యూట్యూబ్‌లో పెడితే రేపు ఎవరు పిలుస్తారు? కాబట్టి ఏది బయట పెట్టాలి, ఏది ఆర్కైవ్‌లోనే ఉండాలి అన్నది వాళ్ళనే అడగండి, ఒప్పుకున్న మాటను కూడా రికార్డు చేయండి. రాత్రుళ్ళు నడిచే కథను కెమెరా కోసం ఇరవై నిమిషాల్లో ముగించమని అడిగితే వచ్చేది సారాంశమే, కథ కాదు.

సాంకేతికంగా రెండే జాగ్రత్తలు. ధ్వని కుదించని ఫార్మాట్‌లో తీయండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, కళాకారుల పేరు పెట్టండి. లేకపోతే మూడేళ్ళ తర్వాత మీ హార్డ్ డిస్క్‌లో ఏది ఎవరిదో మీకే తెలియదు. 1950ల్లో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసేనాటికి ఇన్ని యంత్రాలు లేవు, పాటకుల దగ్గర కూర్చుని చేత్తో రాసుకోవాల్సిందే. మన దగ్గర యంత్రాలున్నాయి, కూర్చునే తీరికే తక్కువైంది.

పాత పుస్తకం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా?

రచయిత పోయిన ఏడాది చూడండి. ఆ తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్కపెట్టండి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో పోయారు, ఆయన బతికుండగా వచ్చిన రచనలు 2014 జనవరి 1 నుంచి అందరివీ. విశ్వనాథ సత్యనారాయణగారివి 2036 చివరిదాకా, శ్రీశ్రీవి 2043 చివరిదాకా హక్కుల్లో ఉంటాయి. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచనకు అచ్చయిన ఏడాదినుంచి లెక్క. పీఠిక రాసినవారిది, వ్యాఖ్యానం చేసినవారిది, అనువాదకులది విడిగా చూడాలి. "పుస్తకం మార్కెట్లో దొరకడం లేదు" అన్నది అనుమతి కాదు. అలాంటప్పుడు వారసులకు ఫోన్ చేయండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకున్నది కాగితం మీద తీసుకోండి.

నేను టీచర్‌ని. సిలబస్ పూర్తి చేయడానికే టైం చాలదు. వీటికి సమయం ఎక్కడిది?

టర్ముకు ఒక్క పీరియడ్ చాలు. మీ బడి పాత అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించండి. అరవై, డెబ్బై ఏళ్ళ నాటిదైతే ఇంకా మంచిది. తండ్రి వృత్తి అన్న గడిలో ఏమేం రాశారో పిల్లల చేత లెక్కవేయించండి. మగ్గం, కల్లుగీత, వ్యవసాయం, కూలి. బడిలో చేరిన మొదటి ఆడపిల్ల ఏ ఏడాది చేరింది? ఆమె తర్వాత రెండో అమ్మాయి రావడానికి ఎన్నేళ్ళు పట్టింది? ఆ రిజిస్టర్లో సగంమంది జులై 1నే ఎందుకు పుట్టారన్నది కూడా పిల్లలే కనిపెట్టేస్తారు, వాళ్ళ తాతగార్ల పుట్టినరోజు నిర్ణయించిన హెడ్మాస్టర్ ఎవరో కూడా. రిజిస్టర్లో కులం గడి ఉంటుంది కాబట్టి పేర్లతో చార్టులు కట్టి గోడకు పెట్టొద్దు, లెక్కలు మాత్రమే పెట్టండి.

డిగ్రీ అధ్యాపకులకు ఇంకా తేలిక. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ప్రశ్నావళి నింపి స్పైరల్ బైండింగ్ చేయించే బదులు ఊరి చెరువు, సంత, పాత వృత్తుల మీద పెద్దలతో మాట్లాడి రాయించవచ్చు. ఆ రిపోర్టులు కాలేజీ బీరువాలో మగ్గకుండా ఒక కాపీ ఊరి గ్రంథాలయంలో పెట్టించండి.

మా నాన్నగారి పేరు మీద ఏటా పండితులకు పురస్కారం ఇవ్వాలనుకుంటున్నాం. మంచిదే కదా?

మీ ఉద్దేశం మంచిది. కానీ తెలుగునాట పురస్కారాలకు కరువు లేదు. హాలు అద్దె, ఫ్లెక్సీలు, జ్ఞాపిక, శాలువా, భోజనాలు, ముఖ్య అతిథి ప్రయాణం తీసేస్తే పండితుడి చేతికి వచ్చేది ఎంతో మీరే లెక్క వేసుకోండి. శాలువాలు బీరువాల్లో పేరుకుపోతున్నాయి. అదే మనిషి చెన్నై వెళ్ళి ఒక రాతప్రతి చూడటానికి రైలు టికెట్టుకు తడుముకుంటున్నాడు.

డబ్బు దొరకని పనులు వేరే ఉన్నాయి. భారతి అనే సాహిత్య మాసపత్రికనే తీసుకోండి. 1924 నుంచి 1991 దాకా నడిచింది. అలాంటి పత్రికలు స్కాన్ అయి ఉన్నా, మీకు కావలసిన వ్యాసం ఏ నెలదో తెలియకపోతే దొరకదు. రచయిత, శీర్షిక, విషయం, పేజీ చూపే సూచిక కావాలి. మీ జిల్లాలో నాలుగేళ్ళు నడిచి ఆగిన చిన్న పత్రికకు ఆ సూచిక అసలు ఉండదు. ఒక నిరుద్యోగ ఎం.ఏ. తెలుగు అమ్మాయికి ఏడాది జీతమిచ్చి ఆ పని చేయించండి. సూచిక మొదటి పేజీలో మీ నాన్నగారి పేరు వేయండి. ఎవరు ఆ సూచిక తెరిచినా ఆ పేరు కనిపిస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. సి.పి. బ్రౌన్ సత్కార సభలు పెట్టలేదు. కడప బంగళాలో పండితులను, లేఖకులను పెట్టుకుని, తన జేబులోంచి జీతాలిచ్చి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పోల్చి, తేడాలు గుర్తించి, శుభ్రమైన ప్రతి రాయించాడు. అప్పుల పాలయ్యాడు కూడా. 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయంటే ఆ కూలి పని వల్లే. మీరు అప్పు చేయనక్కర్లేదు, శాలువా ఖర్చు ఇటు మళ్ళిస్తే చాలు.

మా ఊరి గ్రంథాలయంలో పేపర్లు తప్ప ఏమీ లేవు. చందాలు వేసుకుని పుస్తకాలు కొందామా?

కొనండి. అంతకుముందు మీ ఇంటిపన్ను రశీదు చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒక లైను ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం కింద పంచాయతీ, మున్సిపాలిటీ ఈ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. వసూలు చేసినవారు సమయానికి జమచేయక బకాయిలు పేరుకోవడం పత్రికల్లో తరచూ చూసే వార్తే. అంటే చందా మీరు ఇప్పటికే కడుతున్నారు.

సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు అడగండి: నిరుడు ఎంత వసూలైంది, ఎంత జమచేశారు, అందులో పుస్తకాలకు ఎంత ఖర్చయింది? పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబు చేతికొచ్చాక ఊళ్ళో చదివి వినిపించండి. విరాళం కన్నా ఇది ఎక్కువ పుస్తకాలు తెప్పించవచ్చు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కణ్ణుంచి ఎలా ఇవ్వొచ్చు?

మీ పాస్‌పోర్టు ఏదన్నది మొదటి ప్రశ్న. భారత పౌరసత్వం ఉండి, మీ సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరులైతే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో వారి ప్రత్యేక ఖాతాకే వెళ్ళాలి. "మా బావమరిది ఖాతాలో వేస్తాం, ఆయన ఇచ్చేస్తాడు" అనే ఏర్పాటు పెట్టుకోవద్దు. ఇరుక్కునేది మీరు కాదు, ఆ చిన్న సంస్థ.

అక్కడే చేయగలిగినవీ ఉన్నాయి. ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్య పీఠం ఒక తెలుగు కుటుంబం విరాళంతో ఏర్పడింది. అంత ఇవ్వలేకపోయినా, మీ రాష్ట్ర యూనివర్సిటీలో తెలుగు క్లాసు ఉంటే పిల్లల్ని చేర్పించండి. విద్యార్థులు తగ్గితే ముందు మూతపడేవి ఇలాంటి క్లాసులే. ఇంకో సంగతి: 1962 నుంచి పీఎల్-480 పథకం కింద, గోధుమలు అమ్మగా మన దేశంలో పోగుపడిన రూపాయలతో అమెరికా గ్రంథాలయాలకు భారతీయ పుస్తకాలు కొన్నారు. మనూళ్ళో చెదలు తిన్న తెలుగు నవల చికాగోలోనో, మాడిసన్‌లోనో అట్ట చెదరకుండా ఉండొచ్చు. మీకు ఆ లైబ్రరీ అందుబాటులో ఉంటే, ఇక్కడి పరిశోధకుడికి పది పేజీలు స్కాన్ చేసి పంపడం కూడా పెద్ద సాయమే.

కంపెనీ నుంచి ఇవ్వొచ్చా? పన్ను మినహాయింపు ఉంటుందా?

కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో వారసత్వ పరిరక్షణ, ప్రజా గ్రంథాలయాలు, సంప్రదాయ కళలు ఉన్నాయి, కాబట్టి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు) కింద చెల్లుతుంది. వ్యక్తులకు, అందరూ 80జి అని పిలిచే మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. రూ. 2,000 దాటితే నగదుగా ఇవ్వకండి.

పరిశోధనను మామూలు జనానికి చేర్చడం ఎలా? సభ పెడితే వచ్చేది మళ్ళీ మేమే.

సభకు జనం రాకపోతే జనం ఉన్నచోటికి వెళ్ళాలి. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. ఇవాళ్టి పడవ ఏది? సంత కావచ్చు, బస్టాండు కావచ్చు, జాతర కావచ్చు. జాతర రోజు ఆ గుడి శాసనం నకలును పెద్దగా అచ్చువేసి, కింద ఇవాళ్టి తెలుగులో నాలుగు వాక్యాలు రాసి మండపంలో కట్టండి. దర్శనం క్యూలో నిలబడ్డవాళ్ళకు చదవడానికి బోలెడంత తీరిక. దానం చేసిన భూమి సరిహద్దుల్లో తమ పొలం పేరు కనిపిస్తే ఆ క్యూలో మొదలయ్యే చర్చ ఏ సెమినార్లోనూ జరగదు.

జనం వినడమే కాదు, ఇవ్వగలరు కూడా. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, సురవరంవారు గోల్కొండ పత్రికలో కవులందరికీ పిలుపునిచ్చి, వచ్చిన వివరాలతో 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. ఆ రోజుల్లో పోస్టు మీద నడిచిన పని అది.

పత్రం వేయాలంటే కొన్ని జర్నల్స్ డబ్బడుగుతున్నాయి. కట్టొచ్చా?

రెండు రోజుల్లో అచ్చు, సర్టిఫికెట్ ఉచితం అనే చోట కట్టకండి. నమ్మదగిన జర్నల్స్ ఏవో చెప్పే కేర్ జాబితానే యూజీసీ 2025లో తీసేసింది, ఇప్పుడు జర్నల్ నాణ్యత చూసుకోవాల్సింది మీరూ మీ గైడూ. పాత సంచికలు నాలుగు చదివితే తెలిసిపోతుంది. పత్రం ఇంగ్లీషులో వేసినా, అదే విషయం తెలుగులో ఒక పత్రికకు రాయండి. మీకు సమాచారమిచ్చిన ఊరివాళ్ళు చదవగలిగేది అదే.

దొరికిన ఆధారం ఒక కులంవారికో, ఊరివారికో నచ్చకపోతే?

నచ్చదు, కొన్నిసార్లు గొడవవుతుంది. ఆధారం ఫొటోతో సహా చూపండి, మీ వ్యాఖ్యానాన్ని ఆధారం నుంచి విడిగా రాయండి. బతికున్నవారి పేర్లు అవసరం లేనిచోట వాడకండి. నచ్చేలా మార్చి రాయమని డబ్బు ఇచ్చినవారు అడిగితే డబ్బు తిరిగిచ్చేయండి. అందుకే డబ్బు తీసుకునేముందే, రాతలో జోక్యం ఉండదన్న షరతు కాగితం మీద రాసుకోవాలంటాం.

నా దగ్గర డబ్బు లేదు. రోజుకు అరగంట టైం ఉంది. పనికొస్తానా?

బాగా పనికొస్తారు. తెలుగు వికీసోర్స్‌లో హక్కులు తీరిన పుస్తకాలను యంత్రం చదివి అక్షరాలుగా మారుస్తుంది. యంత్రం థ, ధల దగ్గర తడబడుతుంది, అరసున్నను మింగేస్తుంది, చివికిన ఒత్తును వదిలేస్తుంది. స్కాను, పాఠ్యం పక్కపక్కన పెట్టుకుని మనిషి పోల్చి దిద్దాలి. దిద్దని పేజీ ఎరుపులో, ఒకరు దిద్దింది పసుపులో ఉంటుంది. ఇంకొకరు కూడా చూసి సరేనంటే ఆకుపచ్చ. కొత్తగా వచ్చినవారు పసుపు పేజీలతో మొదలుపెట్టండి. తప్పులు తక్కువ ఉంటాయి, పద్ధతి కూడా పట్టుబడుతుంది. ఫోన్ మీద కష్టం, కంప్యూటర్ ఉంటే మేలు.